‘వత్తాను’ అంటే వెళ్ళిపోయే కుక్క

కుక్కలకి తర్ఫీదివ్వడం నేర్చుకుంటామని ఈమధ్య కుర్రాళ్ళూ అమ్మాయిలూ మా ఇంటికొస్తున్నారు. వచ్చినవాళ్ళకి ముందు టీ ఇస్తాను. తరవాత నేను పరీక్ష తప్పిన కథ చెప్తాను. కొందరు టీ తాగేసి లేచిపోతారు. కూర్చున్నవాళ్ళకే పని నేర్పుతాను. మీరు ఇక్కడిదాకా చదివేరు కాబట్టి కూర్చున్నట్టే అనుకుంటున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. పోలీసు డిపార్టుమెంటులో రిటైరయ్యేదాకా డాగ్ స్క్వాడ్‌లోనే చేసేను. అన్నీ లాబ్రడార్లు, ఆల్సేషన్లు. మీటింగులకి ముందు కుర్చీల కిందా, పూలబుట్టల్లోనూ, మైకు పెట్టెల వెనకా వాసన చూపించడం మా పని. నేను ‘సిట్’ అంటే కూర్చుని, ‘అప్’ అంటే లేచే కుక్కలవి. ఇంట్లో నా మాటకి అంత విలువ లేదనుకోండి. రిటైరై అనకాపల్లి వచ్చేసిన మూడో నెలలోనే మా ఆవిడ చేతిలో గరిటె పట్టుకుని నిలబడింది.

"ఏటైనా పని సూసుకోండి మీరు. ఇందాకా నన్ను ‘స్టే’ అన్నారు."

అన్నానేమో. అలవాటు.

పని మాత్రం నన్ను వెతుక్కుంటూనే వచ్చింది. మా ఊళ్ళో పక్షవాతం వచ్చినవాళ్ళకీ, నడుములు విరిగి మంచం దిగలేనివాళ్ళకీ కసరత్తులు చేయించే సెంటరు ఒకటుంది. ఏదో ట్రస్టువాళ్ళది. పది మంచాల వార్డు, ముందు పొడుగాటి వరండా. దాన్ని చూసుకునేది ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ. ఆవిడ నన్ను పిలిపించి, "పేషెంట్ల పక్కన కూర్చోబెట్టడానికి చిన్న కుక్కలు కావాలండీ. బెదరకూడదు, అరవకూడదు, కరవకూడదు. మీరు తయారుచేసిపెట్టాలి" అంది.

"అవి ఏం పట్టుకోవాలండీ?" అన్నాను.

"ఏమీ పట్టుకోవద్దు. ఊరికే కూర్చోవాలి."

నా సర్వీసంతటిలో ఊరికే కూర్చోడానికి తర్ఫీదు అడిగినవాళ్ళు లేరు. ఊరికే కూర్చునే మనుషుల్ని చాలామందిని చూసేను, వాళ్ళంతా సొంతంగా నేర్చుకున్నవాళ్ళే. సరే కానిమ్మన్నాను.

మొదటి కుక్క పాయకరావుపేట నించి వచ్చింది. అక్కడెవరో ఇల్లు మారేరట, కొత్త ఇంటి ఓనరు కుక్కని రానివ్వనన్నాడట, తెచ్చి మాకు ఇచ్చేసేరు. ఆడ పామేరియన్. గానుగలోంచి బయటికొచ్చి ఎండిన చెరుకుపిప్పి రంగు. చంకలో పెట్టుకుంటే బరువే తెలీదు. పేరు బెల్లం అని చెప్పేరు. మంచి పేరే కదా, పైగా మా ఊరికి పేరొచ్చిందే బెల్లంతో అని నేనూ సంబరపడ్డాను.

మర్నాడు దాన్ని బెల్లం మార్కెట్‌కి తీసికెళ్ళేను. జనానికీ, బళ్ళకీ, అరుపులకీ అలవాటుపడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. వెళ్ళేక గానీ నా తెలివి నాకు తెలీలేదు. "బెల్లం దించండ్రా!" అని ఒకడు. ఇది అటు తిరిగింది. "బెల్లం తడిసిపోద్ది!" అని ఇంకొకడు. ఇటు తిరిగింది. "ఏటి బెల్లం ఇది?" అని మరొకడు తిట్టేడు. పాపం, అప్పుడు తోక ముడిచింది. పావుగంటలో దానికి ఒక సంగతి అర్థమైపోయింది, బెల్లం అనే మాటకి అర్థమేమీ లేదని. ఆ తరవాత నేను గొంతు చించుకున్నా తల తిప్పలేదు.

పేరు మార్చాల్సొచ్చింది. సెంటర్లో వంటా వార్డూ రెండూ చూసుకునే ఆయా ఒకావిడ ఉంది, ఆవిడ "నూకాలు అనెట్టండి బాబూ, అమ్మోరి పేరు సల్లగుంటాది" అంది. డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "అమ్మా, ఈ ఊళ్ళో ఇంటికో నూకాలు ఉంది. వార్డులో నిలబడి ఆ పేరు పిలిస్తే కుక్క సంగతేమో గానీ నలుగురు పేషెంట్లు లేచొస్తారు" అంది. "లేసొత్తే మంచిదే కదమ్మా, అందుకే కదా సెంటరు" అంది ఆయా. ఆఖరికి రంగుని బట్టి నేనే పిప్పి అని పెట్టేను. రెండక్షరాలు, చెవికి ఠక్కున తగుల్తుంది. మార్కెట్లో హమాలీలు మాత్రం నన్ను వదల్లేదు.

"మావా, బెల్లాన్ని పిప్పి సేసేసేవేటి!"

"డిపార్ట్‌మెంటు కుక్కలు రిటైరైతే ఇలాగ సిన్నవైపోతాయేటి మావా?"

ఆరడుగుల మనిషి, ఇంత మీసం, చేతిలో దారప్పోగంత గొలుసు, దాని చివర పిప్పి. నవ్వకుండా ఎవరుంటారు? మొదటివారం నేను సందులమ్మట తిరిగేను. రెండోవారం సిగ్గు పోయింది.

సెంటరు కుక్క అని తెలియడానికి కోటు ఒకటుండాలన్నారు. మెయిన్‌రోడ్డు మీద నాకు పాత స్నేహితుడు ఒక దర్జీ భాయ్ ఉన్నాడు, మా యూనిఫారాలన్నీ ఆయన చేతివే. పిప్పిని బల్ల మీద నిలబెట్టి టేపు పట్టుకుని కొలిచేడు. "ఛాతీ, నడుము ఒకటే కొలత సాబ్. అచ్చం మీలాగే" అన్నాడు. నీలం గుడ్డతో కోటు కుట్టి, దానికి బొత్తాం జేబు పెట్టేడు.

"కుక్కకి జేబెందుకు భాయ్?"

"నా దుకాణంలో కోటంటే జేబు ఉండాల్సిందే సాబ్. ఇజ్జత్ మాటర్."

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. నాలుగో నెంబరు మంచం. నక్కపల్లి దగ్గర పల్లెటూరాయన, ఉద్యోగమంతా అనకాపల్లి మార్కెట్లోనే. బెల్లం పాట పాడేవాడు. పాటంటే రాగం కాదు, వేలం పాట. "ఒకటోసారి! రెండోసారి!" అని ఆయన షెడ్డులో కేకేస్తే రోడ్డు మీద రిక్షా ఆగేదని చెప్పుకునేవారు. నేను చిన్నప్పుడు విన్నాను ఆ గొంతు. ‘మూడోసారి’ అన్నాక ఇంకెవరూ నోరెత్తేవారు కాదు. ఆ మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, కుడికాలూ, గొంతూ మూడూ పోయేయి. చెప్పింది అర్థమౌతుంది. చెప్పబోతే మాట రాదు. ‘ఊఁ’ అనే ఒక్క అక్షరం మిగిలింది.

ఆయన భార్య రోజూ నక్కపల్లిలో బస్సెక్కి వచ్చేది. చర్చికెళ్ళే మనిషి, చేతిసంచీలో టిఫిన్ గిన్నె పక్కనే బైబిలు. నన్ను మొదటిరోజే "వందనాలన్నయ్యా" అని పలకరించింది. ఆవిడకి నేను అన్నయ్యనైతే ఆయన నాకు బావే కదా. అలా బావ అయ్యేడు.

బావ ఎవరితోనూ సహకరించేవాడు కాదు. మాటలు నేర్పే టీచరమ్మ వారానికి రెండుసార్లొచ్చి బొమ్మల అట్టలు చూపించి, "ఒకటి, రెండు అనండి" అంటే ఎడంచేత్తో అట్టలు తోసేసేవాడు. రోడ్డుమీద రిక్షాలాపినవాణ్ణి ఒకటి రెండు అనమంటే తోసెయ్యడా మరి! చెయ్యి లాగి కసరత్తు చేయిస్తుంటే మొహం గోడకేసి తిప్పేసుకునేవాడు. పొద్దుటినించి సాయంత్రందాకా ఆ గోడే. భార్య వచ్చినా గోడే.

పిప్పిని మొదటిసారి ఆయన మంచం మీద కూర్చోబెట్టినప్పుడు ఇటు తిరగలేదు. పిప్పి కూడా ఏం తక్కువ తినలేదు, ఆయనకి వీపు పెట్టి కూర్చుంది. ఇద్దరూ అలకలో ఉన్న మొగుడూ పెళ్ళాల్లా పావుగంట అలాగే ఉన్నారు. ఇంతలో వరండాలో ఎవరో దగ్గేరు, పిప్పి కొంచెం వెనక్కి జరిగి ఆయన మోచేతికి ఆనుకుంది. బావ తీసెయ్యలేదు. ఆవేళ వచ్చేస్తూ, "వత్తాను బావా" అని పిప్పిని చంకనేసుకుంటే, ఇటు తిరిగి చూసేడు. నన్ను కాదు, దాన్ని.

వారం తిరిగేసరికి బావ రోజూ తలుపుకేసి చూసి గడియారంకేసి చూసేవాడు. నేను పది నిమిషాలు ఆలస్యమైతే నా సర్వీసులో ఏ సీఐగారూ చూడనంత గుర్రుగా చూసేవాడు. డాక్టరమ్మ గడుసుది. దువ్వెన తెచ్చి ఆయన పడిపోయిన కుడిచేతికి తగిలించి, "కుక్కకి దువ్వాలంటే మీరే దువ్వాలి, ఆయన దువ్వడు" అని నన్ను చూపించింది. దువ్వేడు. రెండు వేళ్ళు కదిలేయి, తరవాత మూడు. మాట మాత్రం రాలేదు.

అప్పుడొచ్చింది ట్రస్టు ఆఫీసు నించి కాగితం. వచ్చేనెల నించి సర్టిఫికెట్టు లేని జంతువేదీ వార్డులో కాలు పెట్టకూడదని. విశాఖపట్నం నించి పరీక్షాధికారి వస్తాడు, పరీక్ష పెడతాడు, పాసైతే కార్డిస్తాడు.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "మాట వస్తే ఈ నెలల్లోనే రావాలండీ. పోనుపోను కష్టం. ఇప్పుడు ఆయన కసరత్తు మానేస్తే..." అని ఆపేసింది. బావ భార్య అక్కడే ఉంది, అంతా వింది.

"అన్నయ్యా, మాట రాపోయినా పర్లేదు. నాలుగు నెల్లు సూసేను, అలవాటు పడిపోయేను. ఆయన మల్లీ గోడకేసి తిరిగిపోతే మాత్రం నాను సూళ్ళేను."

"ఏటమ్మా నువ్వూ! బాంబులు పట్టే కుక్కల్ని తయారుచేసినోణ్ణి. ఇది ఐదు నిమిషాలు కూర్చోడం ఎంతపని!" అన్నాను. మీసం కూడా తిప్పేను. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరమొస్తుంది.

నెలరోజులు చాకిరీ చేసేను. సిట్, డౌన్, స్టే, లీవిట్. డిపార్టుమెంటు పద్ధతి, అన్నీ ఇంగ్లీషు మాటలే, అన్నీ ఒకే గొంతుతో. పిప్పి తెలివైంది. చూపు తిప్పకుండా చేసేది.

పరీక్షరోజు వచ్చింది. పరీక్షాధికారి సన్నంగా, నవ్వని మొహంతో, చేతిలో అట్టా ఫారమూ పట్టుకుని వచ్చేడు. చెవులు లాగేడు, తోక పట్టుకున్నాడు, పిప్పి ఊరుకుంది. చక్రాల కుర్చీ దాని పక్కనించి తోయించేడు, ఊరుకుంది. బిస్కట్టు నేలమీద పడేసేడు, నేను ‘లీవిట్’ అంటే వాసన కూడా చూడలేదు. వెనకాల హఠాత్తుగా స్టీలు పళ్ళెం పడెయ్యాలి, ఆ పని ఆయాకి అప్పజెప్పేం. ఆవిడ ఒక పళ్ళెం ఏం సరిపోతుందనుకుందో ఏమో, వంటింట్లో గిన్నెలన్నీ ఒక్కసారి వదిలింది. పరీక్షాధికారి ఎగిరిపడ్డాడు గానీ పిప్పి కదల్లేదు.

ఇక చివరిది. నేను గదిలోంచి బయటికెళ్ళిపోవాలి. పిప్పి పేషెంటు పక్కన ఐదు నిమిషాలు ఉండాలి. మంచం దిగకూడదు. నేను నోరు విప్పకూడదు, విప్పితే ఫెయిలే. బావని ఒక్కణ్ణీ విడిగదిలో మంచం మీద కూర్చోబెట్టి, పిప్పిని పక్కన పెట్టి, ‘స్టే’ అనేసి బయటికొచ్చేను. పరీక్షాధికారి లోపల మూలన కూర్చున్నాడు. కిటికీ అద్దం దగ్గర నేనూ, డాక్టరమ్మా, బావ భార్యా.

రెండో నిమిషంలో పరీక్షాధికారి ఫోను మోగింది. "ఆఁ, వస్తాను, భోజనానికి వచ్చేస్తాను" అని పెట్టేసేడు. పిప్పి ఒక చెవి ఆడించింది, అంతే. నేను డాక్టరమ్మకేసి చూసి కనుబొమ్మలెగరేసేను.

నాలుగో నిమిషం. ఆయా డ్యూటీ దిగి, సంచీ చంకన పెట్టుకుని వస్తోంది. ఆవిడకి అన్నీ చెప్పేను. పేరు పెట్టి పిలవొద్దు, బిస్కట్టు చూపించొద్దు, ఇంక గిన్నెలు పడెయ్యొద్దు. ఆవిడ పాపం చాలా జాగ్రత్తగా, చప్పుడు లేకుండా తలుపు వారగా తీసి, తల ఒక్కటే లోపలికి పెట్టి, రోజూ లాగే బావతో మెల్లిగా ఒక్క మాట అంది.

"మరి వత్తాను బాబూ."

పిప్పి లేచింది. ఒళ్ళు విరుచుకుంది. మంచం మీంచి దూకి, డ్యూటీ అయిపోయిన జవానులాగ తిన్నగా గుమ్మంకేసి నడిచింది.

అరవడానికి లేదు. అద్దం మీద చెయ్యేస్తే డాక్టరమ్మ లాగేసింది. లోపల బావ "ఊఁ" అన్నాడు. పిప్పి ఆగలేదు. "ఊఁ, ఊఁ" అన్నాడు. ఎడంచేత్తో మంచం ఊచ మీద ఫెడీమని కొట్టేడు. మొహం కందగడ్డలాగ అయిపోయింది. మెడనరాలు పొంగేయి.

"ఒక... ఒక... ఒకటోసారి!"

గుమ్మం దగ్గర పిప్పి టక్కున ఆగిపోయింది. ఆ గదిలో ఆ గొంతు అది ఎప్పుడూ విన్లేదు కదా.

"రెండోసారి!"

అదే గొంతు. కొంచెం ముద్దగా ఉంది గానీ అదే, షెడ్డులో వినపడ్డ గొంతు. పిప్పి వెనక్కి తిరిగి తల పక్కకి వాల్చి చూసింది. బావ పడిపోయిన కుడిచేత్తోనే మంచం మీద తడుతున్నాడు, దువ్వెనకి లేచే ఆ మూడు వేళ్ళతో.

"మూ... డో... సారి!"

పిప్పి పరిగెత్తుకెళ్ళి ఒక్క గెంతులో మంచమెక్కి ఆయన ఒళ్ళో పడింది.

బావ భార్య నా చెయ్యి పట్టుకుని అలాగే కిందకి జారి నేలమీద కూర్చుండిపోయింది. "ఆయనే అన్నయ్యా. ఆయన గొంతే. దేవా, ఆయన గొంతే" అని అదే మాట. డాక్టరమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. నేను ఏడ్చేను. దాచుకోడానికేముంది, వెక్కి వెక్కి ఏడ్చేను, మీసమంతా తడిసిపోయింది. గుమ్మంలో ఆయా బిక్కచచ్చిపోయి, "ఓలమ్మ, నానేటి సేసేనమ్మా? నానేటీ సెయ్నేదు, వత్తానన్నానంతే" అంటోంది.

పరీక్షాధికారి గడియారం ఆపి, ఫారం మీద రాసుకుని బయటికొచ్చేడు.

"కుక్క చోటు వదిలిందండీ. నాలుగో నిమిషంలో."

"అయ్యా, ఆయన ఐదు నెలల తరవాత మాటాడేడు!" అన్నాను.

"విన్నానండీ." ఫారం నాకేసి తిప్పి చూపించేడు. "ఆ గడి ఇందులో లేదు."

ఆ ఫారం ఏం చేసుకోవాలో చెప్పబోయేను. డాక్టరమ్మ నా జబ్బ గిల్లింది. ఆయన నింపాదిగా పెన్ను జేబులో పెట్టుకుని అడిగేడు.

"నేను ఫోన్లో ‘వస్తాను’ అంటే చెవి ఆడించింది. ఆవిడ ‘వత్తాను’ అంటే దిగిపోయింది. ఆ మాటకి వెళ్ళిపోమని ఎవరు నేర్పేరండీ దీనికి?"

"నేను నేర్పలేదండీ."

"మరెవరు నేర్పేరు?"

రోజూ వార్డులో పది మంచాల దగ్గరా ఆగి ‘వత్తానమ్మా’, ‘వత్తాను బావా’ అని చెప్పుకుంటూ పిప్పిని తీసుకుని బయటికొచ్చేది ఎవరు? నేనే. నెలరోజులు గొంతు బిగించి ఇంగ్లీషులో నేర్పినవి నాలుగు మాటలు. నేర్పకుండా నేర్పేసింది ఈ ఒక్కటీ. కుక్కకి రోజుకి పదిసార్లు పాఠం చెప్తున్నానన్న సంగతి, ఇంత సర్వీసు చేసిన నాకు, విశాఖపట్నం నించి ఒకాయన వచ్చి చెప్పేదాకా తెలీలేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే మీసం తిప్పిన ముక్క, అది ఇందుకే.

నెల తరవాత మళ్ళీ పరీక్ష అన్నాడాయన. అప్పటిదాకా వార్డులోకి కుక్క రాకూడదు. మెట్లు దిగబోతూ ఆగి, ఎవరికేసీ చూడకుండా, "రూల్లో వార్డు అనే ఉంది. వరండా అని లేదు" అనేసి జీపెక్కేడు. ఆ మనిషిని అప్పటిదాకా మనసులో తిట్టినవన్నీ వెనక్కి తీసుకున్నాను.

మర్నాటినించి బావ వరండాలోకి వచ్చేవాడు. మొదట్లో చక్రాల కుర్చీలో, తరవాత తరవాత కర్ర పట్టుకుని. వరండాలో గోడ ఉంది గానీ దానికేసి ఎప్పుడూ తిరగలేదు.

ఇప్పుడు పిప్పికి ఆ మాట మరిపించాలి. ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, సెంటర్లో ఎవ్వరూ ‘వత్తాను’ అనకూడదని ఆర్డరేసేను. అనకపోతే ఏమనాలి? ‘వెళ్తాను’ అనాలి. ఆయా చేటంత కళ్ళు చేసింది.

"రోగుల మంచం కాడ నిలబడి ఎల్తానంతారేటి బాబూ! నోరు పడిపోదా! కావలిస్తే పన్లోంచి తీసీండి, నాననను."

డాక్టరమ్మ ‘బై’ అందామంది. రెండ్రోజులు అందరూ బై బై అన్నారు, ఏదో పెళ్ళివారి బస్సు వెళ్ళిపోతున్నట్టు. మూడోరోజు మొహమాటపడి ఏమీ అనకుండానే వెళ్ళిపోవడం మొదలెట్టేరు. ఆరో నెంబరు మంచం ముసలమ్మ నన్ను పిలిచి, "ఏటి బాబూ, నా మీదేటైనా కోపాలా? ఒక్కులూ సెప్పకుండా ఎల్పోతన్నారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు తెలిసింది, మార్చవలసింది వీళ్ళ నోళ్ళు కాదని. ఆర్డరు రద్దు చేసేసేను.

ఇంక ఒకటే దారి. ‘వత్తాను’ అనాలి, వెళ్ళకూడదు. వందసార్లు అనాలి, వందసార్లూ కూర్చోవాలి. పిప్పి కదలకపోతే దానికొక ఉడికించిన కోడిముక్క. ఇంట్లో ‘వత్తాను’ అని నిలబడి మళ్ళీ కూర్చుంటుంటే మా ఆవిడ "ఎల్తే ఎల్లండి, నేపోతే కూకోండి, నాకు గుండెదడొత్తంది" అంది. దర్జీ భాయ్ దుకాణంలో బల్ల మీద కూర్చుని పధ్నాలుగుసార్లు ‘వత్తాను భాయ్’ అన్నాను. పదిహేనోసారికి ఆయన కత్తెర కింద పెట్టేడు. "సాబ్, ఈసారి నిజంగా వెళ్తారా? నేను నమాజుకి వెళ్ళాలి" అన్నాడు.

వరండాలో బావ నాకు అసిస్టెంటు. నేను ‘వత్తాను’ అనగానే పిప్పి లేవబోయేది, బావ వేలెత్తి, "ఒకటోసారి" అని హెచ్చరించేవాడు. అది ఆగిపోయేది. ‘రెండోసారి’కి కూర్చునేది. ‘మూడోసారి’ దాకా రానిచ్చేది కాదు. మాటల టీచరమ్మ పక్కనే కుర్చీ వేసుకుని ఆ దారం పట్టుకుని లాగింది. ఒకటోసారిలోంచి ఒకటి వచ్చింది, ఒకటిలోంచి రెండు వచ్చింది. ఒకరోజు ‘నీళ్ళు’ వచ్చింది. ఒకరోజు భార్య పేరొచ్చింది. ఆవేళ ఆవిడ సెంటరందరికీ లడ్డూలు పంచింది. తరవాత ‘కాదు’ అనే మాటొచ్చింది. అది రాగానే వారంరోజులు అన్నింటికీ ‘కాదు’ అనే చెప్పేడు, పాత బాకీ తీర్చుకున్నట్టు.

రెండో పరీక్షకి అదే పరీక్షాధికారి, అదే మొహం. ఆఖరి ఐదు నిమిషాల్లో ఆయాని ఆయనే స్వయంగా పిలిపించేడు. "అమ్మా, ఆవేళ అన్న మాట మళ్ళీ అనండి" అన్నాడు. ఆవిడ నాకేసి భయంగా చూసి, దండం పెట్టుకుని, ఊరంతా వినపడేలా అంది. "వత్తాను బాబూ! వత్తాను! వత్తానంతే వత్తానూ!"

పిప్పి ఆవులించింది.

కార్డిచ్చేరు. పిప్పి ఫొటో, కింద సంతకం. దాన్ని ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటుంటే బావ ఎడంచేత్తో కోటు మీద జేబు చూపించేడు. ఆ సంగతి చెప్తే దర్జీ భాయ్ వారంరోజులు అదే మాట. "నేను చెప్పలేదా సాబ్?"

ఆ నెలాఖరున బావని ఇంటికి పంపించేరు. భార్య సంచీలన్నీ ఆటోలో పెట్టించింది. బావ కర్ర మీద నిలబడి వార్డంతా ఒకసారి చూసేడు. ఖాళీ అయిన నాలుగో నెంబరు మంచం మీద పిప్పి నీలం కోటేసుకుని కూర్చుంది. నేను దాని పక్కన కూర్చుని ఉన్నాను. మధ్యాహ్నం ఆరో నెంబరు ముసలమ్మ దగ్గర దానికి డ్యూటీ ఉంది.

బావ గుమ్మం దాకా వెళ్ళేడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగేడు. పెదాలు సరిచేసుకున్నాడు. మాట లోపలెక్కడో వెతుక్కుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఎవ్వరం సాయం చెయ్యలేదు, టీచరమ్మ చెయ్యొద్దంది.

"వ... త్తాను."

ముందు నాకేసి చూసి, తరవాత పిప్పికేసి చూసి అన్నాడు. పిప్పి చెవి ఒక్కటి కదిలింది, అంతకుమించి రవ్వంత కదల్లేదు. నెలరోజులు నేను గొంతు నొప్పెట్టేలా కష్టపడ్డది అందుకే. అంత బాగా తయారైన కుక్క నా సర్వీసులో ఇంకొకటి లేదు. అయినా నిజం చెప్తున్నాను, ఆ ఒక్కసారీ అది అన్నీ మరిచిపోయి లేచి ఆయన వెనకాల వెళ్తే బాగుణ్ణనిపించింది.

అది లేవలేదు. దానికి సర్టిఫికెట్టుంది. నాకు లేదు. నేనే లేచి గుమ్మం దాకా వెళ్ళేను.